కొండ స్పష్టంగా రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలి? తిరుపతి చుట్టుపక్కల నేర్చుకునే పద్ధతి

కెమెరా వెనకాల చిన్న తెర మీద చూస్తే ఫోటో బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేస్తే కొండ అంచులు మెత్తగా, చెట్లు ముద్దముద్దగా కనిపిస్తాయి. ప్రకృతి దృశ్యాలు తీయడం కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవుతుంది. చాలామంది వెంటనే లెన్స్ మీద అనుమానపడి కొత్త లెన్స్ ధరలు వాకబు చేస్తారు. ఆ డబ్బు అట్టే పెట్టుకోండి. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ (18 నుంచి 55 మి.మీ. దాకా జూమ్ అయ్యేది) కూడా ఎఫ్/8 దగ్గర శేషాచలం కొండల రాతి పొరల్ని విడివిడిగా చూపిస్తుంది. ఎఫ్ నంబరంటే లెన్స్ లోపలి రంధ్రం, అంటే ఎపర్చర్, ఎంత తెరుచుకుందో చెప్పేది; నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. చూపించలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటుంది.

ఆ కారణాలు నాలుగు. ఫోకస్ పడాల్సిన చోట పడకపోవడం, కెమెరా కదలడం, ఎదురుగా ఉన్న కొమ్మో నీళ్లో కదలడం, మీకూ కొండకూ మధ్య ఉన్న గాలి. నాలుగూ ఫోటోని మసక చేసేవే, కానీ ఆ మసక ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. దేని మసక ఎలా ఉంటుందో మీ కన్నుకి తెలిశాక మిగతా విషయాలు త్వరగా పట్టుబడతాయి. అందుకే సెట్టింగుల కంటే ముందు అదే నేర్చుకోండి.

మొదట, రాత్రిపూట మిద్దె మీద

తిరుపతి ఊళ్లో ఉన్నవాళ్లకి దీనికోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చీకటి పడ్డాక మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూడండి. ఘాట్ రోడ్డు దీపాలు కొండ మీద వంకర్లు తిరుగుతూ చుక్కల వరసలా కనిపిస్తాయి. ఫోకస్ నేర్చుకోవడానికి దూరంగా వెలిగే చిన్న దీపం కంటే మంచి గురువు లేదు.

కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. లేకపోతే పిట్టగోడ మీద మడిచిన తువ్వాలు వేసి దాని మీద పెట్టండి. లెన్స్‌ని 55 దాకా జూమ్ చేయండి. మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/5.6, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే నంబరు) 400, షట్టర్ (కాంతి లోపలికి పడే సమయం) 4 సెకన్లు పెట్టండి. లెన్స్ మీదో మెనూలోనో ఉండే మీటతో ఫోకస్‌ని మాన్యువల్‌కి మార్చండి. దృశ్యాన్ని వెనక తెర మీద చూపించే లైవ్ వ్యూ ఆన్ చేసి, భూతద్దం గుర్తున్న బటన్ నొక్కి, ఒక దీపాన్ని తెర నిండా వచ్చేంత పెద్దది చేయండి. ఇప్పుడు ఫోకస్ రింగుని మెల్లగా తిప్పండి. దీపం మొదట పెద్ద గుండ్రటి బిళ్లలా ఉండి, తిప్పేకొద్దీ చిన్నదై, ఒకచోట సూదిమొనంత అయి, ఆ తర్వాత మళ్లీ పెద్దదవుతుంది. అన్నిటికంటే చిన్నగా ఉన్న చోట ఆగండి. అదే సరైన ఫోకస్. రింగు చివరికంటా తిప్పేస్తే అనంత దూరం వచ్చేసినట్టే అనుకోకండి, చాలా లెన్సుల్లో రింగు ఆ బిందువు దాటి కూడా తిరుగుతుంది.

అలా ఒక ఫోటో తీయండి. రెండోది రింగుని కొంచెం పక్కకి తిప్పి తీయండి. మూడోదానికి ఫోకస్ సరిచేసి, ఐఎస్ఓ 3200కి పెంచి, కెమెరా చేతిలో పట్టుకుని 1/4 సెకన్‌లో తీయండి. ఆ తర్వాత మూడింటినీ కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో దీపాలు చుక్కలు. రెండోదాంట్లో గుండ్రటి బిళ్లలు. మూడోదాంట్లో చిన్న చిన్న పాములు, అన్నీ ఒకే దిక్కుకి, ఒకే వంపుతో. ఫోకస్ తప్పితే చుక్క గుండ్రంగా పరుచుకుంటుంది, చెయ్యి కదిలితే గీతగా సాగుతుంది. పగలు తీసిన ఫోటోలో కూడా ఇంతే. ఆకుల మీద మెరుపులు, రాయి మీద తెల్ల మచ్చలు ఏ ఆకారంలో ఉన్నాయో చూస్తే ఏం జరిగిందో తెలిసిపోతుంది.

కెమెరా ఎక్కడ చూడాలో మీరే చెప్పండి

కొత్త కెమెరాలో ఆటోఫోకస్ సాధారణంగా మొత్తం ఫ్రేమ్‌ని వెతికి తనే ఒక చోటు ఎంచుకునేలా ఉంటుంది. అది ఎక్కువగా దగ్గరగా, కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని పట్టుకుంటుంది. మిద్దె మీదనుంచి కొండ తీస్తుంటే మధ్యలో వేలాడే కేబుల్ వైరుని పట్టుకుంటుంది, తోపులో నిలబడి తీస్తుంటే ముఖం ముందరి మామిడి రెమ్మని పట్టుకుంటుంది. కొండ మసకైపోతుంది, మీరు లెన్స్‌ని తిట్టుకుంటారు.

కాబట్టి ఆటోఫోకస్ ఏరియాని సింగిల్ పాయింట్‌కి, అంటే ఒక్క చిన్న గడి దగ్గరే ఫోకస్ వెతికేలా, మార్చండి. ఫోకస్ మోడ్ ఒకసారి పట్టి ఆగిపోయేదై ఉండాలి. కానన్‌లో దాన్ని వన్ షాట్ అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-ఎస్ అంటారు. ఆ చిన్న గడిని మీకు కావలసిన చోటికి జరిపి, షట్టర్ బటన్ సగం నొక్కి, ఫోకస్ పడ్డాక పూర్తిగా నొక్కండి.

గడిని ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఆటోఫోకస్‌కి పట్టు దొరకాలంటే వెలుగూ నీడా కలిసే అంచు కావాలి. నీలాకాశం మీదో, పొగమంచు మీదో పెడితే లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. తిరుపతి నుంచి కొండని చూస్తే, పైభాగంలో నిటారుగా ఎర్రటి రాతి గోడ కనిపిస్తుంది కదా. పైన ఉన్నవి పొరలు పొరలుగా పేరుకున్న క్వార్ట్‌జైట్ రాళ్లు, వాటి కింద ఇంకా ఎంతో పాతదైన గ్రానైట్. ఆ రెండింటి వయసుల మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉంది, అందుకే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆ చోటుని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. మన పనికొచ్చే సంగతేమంటే, ఆ గోడలో అడ్డంగా పోయే చీలికలు, వాటిలో మొలిచిన పొదలు ఆటోఫోకస్‌కి చక్కటి పట్టు. గడిని సరిగ్గా అక్కడ పెట్టండి. ఇంటికొచ్చాక ఫోటో పరీక్షించడానికి కూడా అదే చోటు చూడండి: ఒక్కో పొర విడిగా లెక్కపెట్టేలా ఉంటే ఫోకస్ సరిగ్గా పడినట్టు.

డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లకి ఇంకో మాట. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో చూస్తూ తీసినప్పుడు ఫోకస్ ప్రతిసారీ కొద్దిగా ముందుకో వెనక్కో పడుతోందనిపిస్తే, అదే దృశ్యాన్ని లైవ్ వ్యూలో కూడా తీసి పోల్చండి. వ్యూఫైండర్‌లో ఫోకస్‌ని కొలిచే భాగం వేరు, ఫోటో పడే సెన్సర్ వేరు. రెండింటి మధ్య చిన్న తేడా ఉండే అవకాశం ఉంది. లైవ్ వ్యూలో సెన్సరే కొలుస్తుంది. కొండలు ఎక్కడికీ పారిపోవు కాబట్టి నిదానంగా లైవ్ వ్యూలోనే తీయడం మేలు.

ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ

ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ (ఎఫ్ నంబరు మీరు పెడితే షట్టర్ స్పీడు కెమెరా చూసుకునేది) పెట్టుకుని ఎఫ్/8తో మొదలుపెట్టండి. దగ్గరి వస్తువు కూడా ఫ్రేమ్‌లో ఉంటే ఎఫ్/11. నంబరు ఎంత పెంచితే అంత స్పష్టత అనుకుని ఎఫ్/22కి పోవద్దు. రంధ్రం మరీ చిన్నదైతే దాని అంచుల దగ్గర కాంతి వంగి చెదురుతుంది, దాంతో ఫోటో అంతా సమానంగా మెత్తబడుతుంది. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాల్లో ఎఫ్/16 దగ్గరే ఆ తేడా కనిపిస్తుంది.

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడు 55 దగ్గర 1/100 కంటే, 18 దగ్గర 1/30 కంటే తగ్గనివ్వకండి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ 400, 800 దాకా ధైర్యంగా పెంచండి. ఫోటోలో కొంచెం చుక్కచుక్కల గరుకు వచ్చినా తర్వాత సర్దుకోవచ్చు, చెయ్యి కదిలిన మసకని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు.

ముందు చెనిక్కాయ చేను, వెనక కొండ

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే ప్రకృతి దృశ్యాల్లో ఫోకస్ కష్టమంతా ఇక్కడే ఉంది. ఒక్క కొండనే తీస్తే దాని మీద ఫోకస్ పెడితే సరిపోతుంది. కానీ చంద్రగిరి దారిలో ఏ కయ్య గెనిమ మీదో కూర్చుని, ముందు పచ్చగా వరి మళ్లు, వెనక బండ గుట్ట, రెండూ స్పష్టంగా రావాలంటే ఎక్కడ పెట్టాలి? కొండ మీద పెడితే ముందరి పైరు మసక, పైరు మీద పెడితే కొండ మసక.

లెన్స్ సరిగ్గా ఒకే దూరానికి ఫోకస్ అవుతుంది. కానీ ఆ దూరానికి కొంత ముందూ, చాలా వెనకా ఉన్నవి కూడా మన కంటికి స్పష్టంగానే అనిపిస్తాయి. ఎంత దగ్గర ఫోకస్ పెడితే అనంత దూరం దాకా స్పష్టత నిలుస్తుందో, ఆ దూరాన్ని హైపర్‌ఫోకల్ దూరం అంటారు. అక్కడ ఫోకస్ పెడితే, అందులో సగం దూరం నుంచి కొండ దాకా అన్నీ ఫోకస్‌లో ఉంటాయి.

ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న మామూలు కెమెరాకి ఈ లెక్కలు గుర్తుంటే చాలు. 18 మి.మీ. దగ్గర ఎఫ్/8లో హైపర్‌ఫోకల్ దూరం సుమారు 2 మీటర్లు, ఎఫ్/11లో ఒకటిన్నర మీటరు. 35 దగ్గర ఎఫ్/8లో 7.7 మీటర్లు, ఎఫ్/11లో 5.6. అదే 55 దగ్గర ఎఫ్/8లో ఏకంగా 19 మీటర్లు, ఎఫ్/11లో దాదాపు 14. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24 మి.మీ. లెన్స్ అయితే ఎఫ్/8లో సుమారు 2.4 మీటర్లు. జూమ్ పెరిగేకొద్దీ ఈ దూరం ఎంత వేగంగా పెరుగుతోందో గమనించండి. ముందర పైరు, వెనక కొండ కావాలనుకుంటే జూమ్ చేయకుండా 18 దగ్గరే ఉండి, కాళ్లతో దగ్గరికి నడవాలని చెప్పేది ఇందుకే.

చేను గట్టు మీద టేపు పట్టుకుని ఎవరూ కొలవరు. కాబట్టి నేను అందరికీ చెప్పే పద్ధతి ఇది: ఫ్రేమ్‌లో మీకు స్పష్టంగా కావలసిన అతి దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో చూసుకోండి, దానికి రెండింతల దూరంలో ఫోకస్ పెట్టండి. ముందరి చెనిక్కాయ మొక్క ఒక మీటరు దూరంలో ఉంటే, రెండు మీటర్ల దగ్గరి మట్టిగడ్డ మీద గడిని పెట్టి ఫోకస్ చేయండి. పెద్ద అడుగు సుమారు ముప్పావు మీటరని లెక్కేసుకుంటే అంచనా సరిపోతుంది. ఫోకస్ పడగానే మీటని మాన్యువల్‌కి మార్చేయండి, లేకపోతే బటన్ నొక్కినప్పుడు కెమెరా మళ్లీ వెతుక్కుంటుంది. ఆ తర్వాత నిదానంగా ఫ్రేమ్ సరిచేసుకుని తీయండి.

ఈ అభ్యాసం మొదటిసారి ఇంటి దగ్గరే చేయండి. మిద్దె మీదో పెరట్లోనో తులసి కుండీని ఒక మీటరు దూరంలో పెట్టి, వెనక కొండ కనిపించేలా 18 మి.మీ., ఎఫ్/8లో మూడు ఫోటోలు తీయండి: ఫోకస్ ఒకసారి తులసి మీద, ఒకసారి కొండ మీద, ఒకసారి రెండు మీటర్ల దగ్గర. తులసి వెన్నుల మీది గింజలు, కొండ మీది పొరలు, ఈ రెండు చోట్లనీ నూరు శాతంలో చూడండి. మూడో ఫోటోలో రెండూ బాగుంటాయి. అయితే ఒకటి గమనిస్తారు: అందులో కొండ, రెండో ఫోటోలో ఉన్నంత పదునుగా ఉండదు. హైపర్‌ఫోకల్ అంటే రాజీయే. ఫోటోలో ప్రాణం కొండలోనే ఉంటే, ఎఫ్/11 పెట్టి, ఫోకస్‌ని ఇంకాస్త వెనక్కి జరపండి. ముందరి గడ్డి కొంచెం మెత్తబడినా ఎవరూ పట్టించుకోరు, కొండ మెత్తబడితే అందరికీ తెలుస్తుంది. రెండూ నూటికి నూరు పాళ్లు కావాలంటే ట్రైపాడ్ మీద కదలకుండా ఒకటి దగ్గర, ఒకటి దూరాన ఫోకస్ పెట్టి తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలపవచ్చు. అది రెండో తరగతి పాఠం, ఇప్పుడు తొందరపడకండి.

చంద్రగిరి కోటలోనూ ఇదే సూత్రం. రాజమహల్‌కి కాస్త దూరంగా నిలబడితే భవనమూ, వెనకాల బండ కొండా రెండూ దూరమే కాబట్టి ఇబ్బంది లేదు. మహల్ కట్టడంలో కలప వాడలేదు, రాయి, ఇటుక, సున్నమే. కిటికీ తోరణాల అంచులు గట్టిగా ఉంటాయి, ఆటోఫోకస్ ఇట్టే పట్టుకుంటుంది. కోట పురావస్తు శాఖ అధీనంలో ఉంది, ట్రైపాడ్ వాడాలంటే ముందే గేటు దగ్గర అడగండి.

గాలి సంగతి

ఎంత జాగ్రత్తగా ఫోకస్ పెట్టినా ఏప్రిల్, మే నెలల్లో పగలు తొమ్మిది దాటాక తీసిన కొండ మెత్తగానే వస్తుంది. నేల కాగి, వేడి గాలి లేచి, దాని గుండా వచ్చే కాంతి వణుకుతుంది. దీన్ని గుర్తుపట్టడం సులభం: కదలకుండా అయిదారు ఫోటోలు వరసగా తీసి చూడండి. కొండ అంచు ఒక్కోదాంట్లో ఒక్కోలా వంకర్లు పోతే అది ఎండ సెగ. దీనికి లెన్స్ మార్చినా, ఫోకస్ మార్చినా ఉపయోగం లేదు. కాగిన సిమెంటు మిద్దె, తారురోడ్డు దీన్ని ఇంకా పెంచుతాయి, జూమ్ చేస్తే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పుత్తూరు వైపు నుంచి నగరి ముక్కు కొండని పెద్ద లెన్స్‌తో తీయాలనుకునేవాళ్లు తెల్లవారుజామునే పోవాలి, వేరే దారి లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన కురిసి వెలిసిన మర్నాడు పొద్దున గాలి కడిగినట్టుంటుంది. ఆ రోజుల్ని వదులుకోకండి. ఇంకో సంగతి: తిరుపతి వైపు కనిపించే కొండ ముఖం దక్షిణానికి తిరిగి ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు, ఆగ్నేయం నుంచి ఏటవాలుగా వచ్చే పొద్దుటి ఎండ రాతి గోడ మీద పడి ప్రతి చీలికకీ నీడ కడుతుంది. అదే మే, జూన్‌లలో సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, గోడ నీడలో పడి చప్పగా కనిపిస్తుంది. స్పష్టత అనిపించేదాంట్లో చాలా భాగం ఈ నీడల వల్లే వస్తుంది. ఫోకస్ రెండింటిలో ఒకేలా ఉన్నా, జనవరి ఫోటో పదునుగా, జూన్ ఫోటో మొద్దుగా అనిపిస్తుంది.

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ లాంటి ఎత్తయిన చోట పొద్దున్నే మంచు కమ్మి ఉంటే ఆటోఫోకస్ తడబడుతుంది. దూరంగా ఏ చెట్టు మొదలో, బండ అంచో కొంచెం నల్లగా కనిపిస్తే దాని మీద పట్టించి, మాన్యువల్‌కి మార్చుకోండి. ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి తేమ గాలిలోకి వచ్చినప్పుడు కెమెరాని వెంటనే బయటికి తీయకుండా, మూసిన బ్యాగులోనే ఓ అరగంట ఉంచండి, లేకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది.

తలకోనలో నీళ్లు

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. నీళ్లు పట్టుదారంలా రావాలంటే షట్టర్ 1/4 నుంచి 1 సెకన్ దాకా ఉండాలి, అంటే ట్రైపాడ్ తప్పనిసరి. చెట్ల నీడ కాబట్టి ఐఎస్ఓ 100, ఎఫ్/11లో ఆ స్పీడు పొద్దున, సాయంత్రం వచ్చేస్తుంది. ఫోకస్‌ని నీటి మీద పెట్టకండి, నీళ్లు నిలవవు. పక్కన తడిసిన బండ అంచు మీద పెట్టండి. ట్రైపాడ్ కాళ్లు వెడల్పుగా చాపి, మధ్య కడ్డీ పైకి లేపకుండా, జనం నడిచే మెట్ల మీద కాకుండా గట్టి రాయి మీద నిలబెట్టండి. లెన్స్‌లో స్టెబిలైజర్ (చెయ్యి వణుకుని సరిచేసేది) ఉంటే ఆపేయండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి తీస్తే వేలి ఒత్తిడికి కెమెరా అదరదు. గాలికి కొమ్మలు ఊగుతుంటే అవి మసకగా వస్తాయి, గాలి ఆగేదాకా కాచుకోవడమే మార్గం.

తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, ప్రతి ఫోటోకీ ముందు అద్దం చూసుకోండి. చొక్కా అంచుతో తుడవకండి, బట్టలోని ఇసుక రేణువు గీత పెడుతుంది. ముందు చేత్తో నొక్కి గాలి ఊదే చిన్న రబ్బరు పంపుతో దుమ్ము ఊది, ఆ తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి.

ఫోన్‌తో తీసేవాళ్లకి

ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి ముందరి మొక్కా, వెనక కొండా రెండూ సులభంగా ఫోకస్‌లోకి వస్తాయి. మీ శత్రువులు వేరే: వేలి జిడ్డు పట్టిన అద్దం, డిజిటల్ జూమ్. అద్దం తుడవండి, 1ఎక్స్ మెయిన్ కెమెరాతోనే తీయండి, కొండ అంచు మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి.

వెళ్లే ముందు

శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. ఎర్రచందనం వల్ల నిఘా గట్టిగా ఉంటుంది, చిరుతలు కూడా తిరుగుతాయి. తెల్లవారుజాము ఫోటో కోసం కాలిబాటలు వదిలి ఒంటరిగా పోవద్దు. తిరుమలలో డ్రోన్ నిషేధం, ఆలయంలోకి ఫోనూ, కెమెరా తీసుకెళ్లనివ్వరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద పులికాట్ సరస్సు రెండువైపులా పరుచుకుని ఉంటుంది, చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. అక్కడ దగ్గరి వస్తువంటూ ఏదీ ఉండదు, దూరపు పక్షుల వరస మీద ఫోకస్ పెడితే సరి. కానీ అంతరిక్ష కేంద్రం గేటు వైపు కెమెరా తిప్పకండి.

ఇంటికొచ్చాక

ప్రతి ఫోటోనీ నూరు శాతంలో మూడు చోట్ల చూడండి: దగ్గరి మూల, మధ్య, కొండ అంచు. దగ్గరిది బాగుండి కొండ మెత్తగా ఉంటే ఫోకస్ మరీ ముందుకు పడింది. కొండ బాగుండి దగ్గరిది మెత్తగా ఉంటే వెనక్కి పడింది. అన్నీ ఒకే దిక్కుకి సాగి ఉంటే చెయ్యి కదిలింది. ఆకులు మాత్రమే మసకై, రాళ్లు బాగుంటే గాలి వీచింది, షట్టర్ స్పీడు పెంచాలి. అన్నీ సమానంగా మెత్తగా ఉంటే ఎపర్చర్ నంబరు చూడండి, అద్దం చూడండి. ఈ సంగతుల్ని ఒక నోటు పుస్తకంలో చోటూ, సమయం, ఎఫ్ నంబరుతో పాటు రాసి పెట్టుకోండి, తర్వాతిసారి అదే చోటికి పోయేటప్పుడు పనికొస్తాయి. ఎడిటింగ్‌లో అంచుల పదును పెంచే షార్పెనింగ్ స్లైడర్ని చివర్లో కొద్దిగా మాత్రమే జరపండి. రాతి అంచుల చుట్టూ తెల్ల గీత కనిపించిందంటే ఎక్కువైనట్టు, వెనక్కి తగ్గించండి. స్నేహితులకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు కుదించుకుపోకుండా మీరు తీసినట్టే వాళ్లకి చేరుతుంది.